చెన్నపట్నంలో ఒక శనివారం, మన బడి రాతల బండ

జూబిలీ సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాసిపెట్టమని సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు నేను అనుకున్నది వేరు. శాతవాహనుల దగ్గర మొదలుపెట్టి రెడ్డిరాజుల దాకా మన ప్రాంత చరిత్ర నాలుగు పేజీల్లో సర్ది ఇద్దామనుకున్నాను. అలాంటివి ఇదివరకు రెండు మూడు సంచికలకు రాశాను. వాటిని ఎవరైనా చదివినట్టు ఆధారం మాత్రం ఇంతవరకు దొరకలేదు. ఈలోగా నవంబరు ఆఖరి శనివారం చెన్నపట్నం వెళ్లి ఒక ఉపన్యాసం ఇచ్చి వచ్చాను. ఆ రోజు సంగతి రాయకుండా ఇంకేం రాసినా తప్పించుకున్నట్టే ఉంటుంది. అక్కడ చూసిన రాళ్లకూ, మన బడి తూర్పు గోడకూ సంబంధం ఉంది.

నా గురించి కొత్త పిల్లలకు తెలియదు కాబట్టి ఒక్క ముక్క. నాది 1973 పదో తరగతి బ్యాచ్. తపాలా శాఖలో చేరి, ముప్పై ఆరేళ్లు ఉత్తరాల మీద ముద్రలు కొట్టి, సబ్ పోస్టుమాస్టరుగా రిటైరయ్యాను. చరిత్ర నాకు ఉద్యోగమూ కాదు, నేను చదువుకున్న చదువూ కాదు. మన సోషల్ మాస్టారు అంటించిపోయిన జబ్బు. ఏ ఊళ్లో బదిలీ మీద ఉన్నా ఆదివారం వస్తే సైకిలు వేసుకుని చుట్టుపక్కల గుళ్లూ దిబ్బలూ తిరిగేవాణ్ణి. మా ఆవిడ దీన్ని ‘రాళ్ల పిచ్చి’ అంటుంది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు.

టి.నగర్‌లో ఉన్న ఒక తెలుగు సంఘం వాళ్లు నెలకొకసారి ఉపన్యాసం పెడతారు. అమరావతి శిల్పాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. పిలిపించినవాడు మన బడి పూర్వవిద్యార్థే. నాకు మూడేళ్లు చిన్న, పెరంబూరు రైలుపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి అక్కడే స్థిరపడ్డాడు. నేను రెండు నెలలు కూర్చుని ఇరవైరెండు పేజీలు రాసుకున్నాను. పేరు ‘మన రాళ్లు లండన్ ఎలా పోయాయి?’ అని పెట్టాను. పేరులోనే ఉంది కదా, దొంగ ఎవరో నాకు ముందే తెలుసు. వాణ్ణి బోనులో నిలబెట్టి ప్రశ్నలడగడమే మిగిలింది.

శుక్రవారం రాత్రి బెజవాడలో రైలెక్కితే తెల్లవారేసరికి సెంట్రల్‌లో దిగాను. ఇప్పుడా స్టేషను పూర్తి పేరు పురట్చి తలైవర్ డాక్టర్ ఎం.జి.రామచంద్రన్ సెంట్రల్. బోర్డు చదవడం పూర్తయ్యేలోపల రైలు ఆగిపోయింది. బయట వాన. తమ్ముడు రెండు గొడుగులతో నిలబడి ఉన్నాడు. “అన్నయ్యా, ఈ వానలో ఎక్కడికీ వద్దు, ఇంటికెళ్లి పడుకో, సాయంత్రం నేరుగా హాలుకి పోదాం” అన్నాడు. “నలభై ఏళ్ల తర్వాత వచ్చానురా, పడుకోవడానికా?” అన్నాను. వాడు నవ్వి ఇడ్లీ తినిపించడానికి తీసుకెళ్లాడు. అక్కడి సాంబారు గురించి రాస్తే ఇది వంటల వ్యాసం అయిపోతుంది.

ముందు కోటకు పోయాం. సెయింట్ జార్జి కోటలో ఇప్పుడు సచివాలయమూ, శాసనసభా ఉన్నాయి కాబట్టి పోలీసులు సంచులన్నీ తిప్పిచూసి లోపలికి వదిలారు. 1639 ఆగస్టులో ఈ ఇసుకతిన్నెల మీద కోట కట్టుకోవడానికి ఈస్టిండియా కంపెనీ ఫ్రాన్సిస్ డేకు పత్రం రాసిచ్చింది మన దామర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదే ఇది చెన్నపట్నమైందని అంటారు. మనవాడు రాసిచ్చిన చోటును చూడటానికి మనవాడి సంచీ తనిఖీ చేస్తున్నారని తమ్ముడితో అంటే, “పత్రం తెచ్చుకోలేదా అన్నయ్యా?” అన్నాడు.

కోటలో మ్యూజియం ఉంది. దాంట్లో కారన్‌వాలిసు నిలువెత్తు పాలరాతి విగ్రహం ఉంది. పీఠం మీద టిప్పు సుల్తాను కొడుకులిద్దరినీ 1792లో తాకట్టు మనుషులుగా అప్పగించిన దృశ్యం చెక్కారు. చాలామంది విగ్రహం మొహం చూసి వెళ్లిపోతారు. నేను ఆ పిల్లల దగ్గర కాసేపు ఆగాను. ఎందుకంటే ఆ యుద్ధంలో కంపెనీ తరఫున పనిచేసిన ఇంజనీరు ఒకడు, సాయంత్రం నా ఉపన్యాసంలో రావలసిన మనిషి, కాలిన్ మెకంజీ. స్కాట్లండు పక్కన లూయిస్ అనే దీవిలో స్టోర్నోవే అనే చిన్న రేవు ఊరు ఆయనది. 1783లో మద్రాసులో దిగాడు. మళ్లీ సొంతూరు చూడలేదు. 1815లో హిందూదేశానికంతటికీ మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో కలకత్తా దగ్గర పోయాడు. ముప్పై ఎనిమిదేళ్లు ఈ దేశంలో తిరిగినా ఇక్కడి భాష ఒక్కటీ ఆయనకు రాలేదు.

భాష రానివాడు ఊరూరి చరిత్ర ఎలా పోగుచేశాడు? ఏలూరివాళ్లు చేసిపెట్టారు. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అన్నదమ్ములు. బొర్రయ్య ఊరూరా తిరిగి కరణాలను, పూజారులను, ముసలివాళ్లను కూర్చోబెట్టి అడిగాడు, రాగిరేకులు చదివించాడు, శాసనాలకు నకళ్లు రాయించాడు. 1803లో, పాతికేళ్లు దాటీ దాటకముందే చనిపోయాడు. ఆ తర్వాత లక్ష్మయ్య అందుకున్నాడు. మనం ఇవాళ కైఫియతులంటున్న పల్లెటూరి చరిత్రలన్నీ అలా పోగైనవే. మెకంజీ పోయాక ఆ కాగితాలన్నిటినీ కంపెనీ ఆయన భార్య దగ్గర లక్ష రూపాయలకు కొన్నది. ఆ పని నేను కొనసాగిస్తానని లక్ష్మయ్య అర్జీ పెట్టుకుంటే, అది కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ పెద్దల దగ్గరికి వెళ్లింది. ఈ పనికి నేటివులు సరిపోరని వాళ్లు తేల్చారు. ఎవడి కాళ్లతో ఆ దేశమంతా నడిచారో వాడు సరిపోడట! ఈ ముక్క నా ఇరవైరెండు పేజీల్లో ఎర్ర సిరాతో రాసుకున్నాను, అక్కడ గొంతు పెంచాలని.

కోట నుంచి మళ్లీ సెంట్రల్‌కు వచ్చి మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే ఎగ్మూరు. అక్కడి నుంచి ఆటోలో మ్యూజియం. మద్రాసు మ్యూజియం 1851లో మొదలైంది. ఇప్పుడున్న పాంథియన్ ఆవరణకు 1854లో వచ్చింది. ఎర్రటి భవనాలు, పక్కనే కన్నెమరా లైబ్రరీ. వానకు చెట్లన్నీ కడిగినట్టున్నాయి. తమ్ముడికి కంచు విగ్రహాల హాలంటే ఇష్టం, వాడు అటు పోయాడు. నేను అమరావతి రాళ్ల దగ్గరికి పోయాను.

ఈ రాళ్ల సంగతి మనవాళ్లకు తెలిసిందే గాని, చాలామందికి తెలిసింది సగమే. నాకు తెలిసిందీ అంతే అని ఆ రోజు మధ్యాహ్నం దాకా నాకే తెలియదు. అమరావతి మహాచైత్యం క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం నాటికే మొదలై, శాతవాహనుల కాలంలో పెరిగి పెద్దదైంది. చుట్టూ ఉన్న రాతి కంచె ఒక కొస నుంచి ఇంకో కొసకు సుమారు 190 అడుగులు. ఆ కంచె లోపలా బయటా, అండం చుట్టూ, ఎక్కడ చూసినా శిల్పమే. రాయి మన పల్నాటి సున్నపురాయి, కొంచెం ఆకుపచ్చ ఛాయ ఉన్న తెలుపు. మెత్తనిది, చెక్కడానికి ఉలి మాట వింటుంది. కాలిస్తే మంచి సున్నం అవుతుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి.

గుండ్రటి ఫలకం ఒకటుంది, నాళాగిరి ఏనుగుది. ఎడమవైపు మదమెక్కిన ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుతూ, ఒకణ్ణి తొండంతో పట్టి ఈడుస్తూ ఉంటుంది. మేడల కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తున్నారు. ఒకామె భయంతో పక్కవాణ్ణి పట్టుకుంది. అదే ఫలకంలో కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లి ఉంది. మధ్యలో గీత లేదు, గోడ లేదు. శివరామమూర్తిగారు 1942లో ఈ మ్యూజియం శిల్పాల మీద రాసిన పుస్తకం జిరాక్సు ప్రతి ముప్పై ఏళ్లుగా నా దగ్గరుంది. దాంట్లో బొమ్మ చూడటం వేరు, రాయి ముందు నిలబడటం వేరు. రాతి మీద పక్క నుంచి వెలుతురు పడితే ఏనుగు కదిలినట్టే ఉంది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, కాళ్లు లాగేదాకా.

నా పక్కన ఒక తండ్రీ, ఏడెనిమిదేళ్ల కూతురూ వచ్చి నిలబడ్డారు. ఇంకో రాయి దగ్గర, సగం విరిగిపోయిన స్తంభం చూపించి, ఇది ఎందుకు విరిగిపోయిందని ఆ పిల్ల అరవంలో అడిగింది. తెల్లవాడు విరగ్గొట్టాడని తండ్రి చెప్పాడు. నేను అవునన్నట్టు తల ఊపబోయి ఆగిపోయాను. నా చేతి సంచీలో ఇరవైరెండు పేజీలున్నాయి, అందులో ఉన్నదీ ఆ తండ్రి చెప్పిన మాటే. కానీ నేను చదివిన పుస్తకాల్లో ఉన్నది అది కాదు. చదివాను, చదివి దాటవేశాను.

జరిగింది ఇది. 1790ల చివర చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన కాపురం అమరావతికి మార్చి అక్కడ కొత్త పట్నం కట్టించడం మొదలుపెట్టాడు. ఊళ్లో దీపాలదిన్నె అని ఒక పెద్ద దిబ్బ ఉంది. కట్టుబడికి ఇటుకలు, రాళ్లు కావాలని జనం దాన్ని తవ్వారు. లోపల తెల్లటి పలకలు దొరికాయి. నిధి ఉంటుందేమోనని ఇంకా తవ్వారు. నిధి దొరకలేదు. పలకలు మెట్లయ్యాయి, గుడి పనులకూ చెరువు పనులకూ పోయాయి. కొన్నిటిని కాల్చి సున్నం చేశారు. అలా చిత్రంగా బయటపడ్డ బొమ్మల సంగతి విని మెకంజీ 1797-98లో వచ్చి చూశాడు. పద్దెనిమిదేళ్ల తర్వాత, 1816లో మనుషుల్ని తీసుకుని మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వేసి ఉంది. ఆయన మనుషులు మిగిలినవాటికి ఒక్కో రాయికీ కొలతలు తీసి బొమ్మలు వేశారు. ఆ బొమ్మల పుస్తకం లండన్‌లో ఉంది. అందులోని కొన్ని రాళ్లు ఇవాళ ప్రపంచంలో ఎక్కడా లేవు. ఆ బొమ్మే మిగిలింది.

దీంతో తెల్లవాళ్లు శుద్ధులైపోయారని కాదు. మెకంజీ కొన్ని రాళ్లు మచిలీపట్నానికీ, కలకత్తాకూ తరలించాడు. 1845లో గుంటూరులో పనిచేసిన వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసుకు పంపినవి ఇక్కడ ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉన్నాయి. తర్వాత 1859లో ఓడెక్కించి లండన్ పంపారు. అక్కడా చాలాకాలం పట్టించుకున్నవాడు లేడు. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 1880లో గవర్నరు బకింగ్‌హాం ప్రభువు దిబ్బంతా తవ్వి శుభ్రం చేయమని హుకుం జారీచేశాడు. మరుసటి సంవత్సరం పురావస్తు శాఖ బర్జెస్ వచ్చి చూస్తే అక్కడ ఒక గొయ్యి మాత్రం ఉంది. ఏ రాయి ఎక్కడిదో చెప్పగలిగే ఆనవాలు లేకుండా పోయింది. శాస్త్రం పేరుతో జరిగిన ఈ పని నా లెక్కలో సున్నపుబట్టీ కంటే తక్కువ నేరమేమీ కాదు.

అయినా మొదటి గునపం ఎవరిది అంటే మనదే. ఇది తెలిసి కూడా నేను ఎందుకు దాటవేశాను? హాల్లో గోడవారగా బెంచీ ఉంటే కూర్చున్నాను. కూర్చున్నాక, సమాధానం తెలుసుకోవడానికి పుస్తకాలు అక్కర్లేదని అర్థమైంది.

మన బడి పాతభవనం ముందు వేపచెట్టు కింద ఉండే రాతల బండ 1972కు ముందు చదివినవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. తర్వాతివాళ్లకు చెబుతున్నాను. నిలువుగా పాతిన నాపరాయి, ఒక పక్కకు ఒరిగి ఉండేది. పైన సూర్యుడు, చంద్రుడు, కింద పన్నెండు వరుసల రాత. సూర్యుణ్ణి మేం ఇడ్లీ అనేవాళ్లం. క్రికెట్టుకు అదే వికెట్టు. బలపాలు అరగదీసుకునేదీ దాని మీదే. దాని మీద ఏముందో ఎవరికీ అక్కర్లేకపోయింది, ఒక్క సోషల్ మాస్టారికి తప్ప.

మేం తొమ్మిదిలో ఉండగా ఒక శనివారం మధ్యాహ్నం, ఒంటిపూట బడి అయ్యాక, ఆయన ఆరుగురిని ఉండమన్నారు. బావిలో నీళ్లు తోడించి, కొబ్బరిపీచుతో బండ కడిగించారు. ఆరాక సుద్దముక్కల పొడి అక్షరాల్లో కూరించారు. తెల్లగా అక్షరాలు లేచాయి. మొదటి వరుసలో ‘స్వస్తిశ్రీ’ అని ఆయన వేలుపెట్టి చదివి చూపించారు. మనిషికి రెండేసి వరుసలు పంచారు. “అర్థం కాకపోయినా పర్లేదురా. బొమ్మ గీసినట్టు గీయండి. విరిగినచోట విరిగినట్టే గీయండి, సొంతంగా పూర్తిచేయొద్దు” అన్నారు. నా వంతు అయిదు, ఆరు వరుసలు. సాయంత్రం దాకా గీశాం. మన నోటుపుస్తకాలు జాగ్రత్తగా ఉంచుకోమనీ, తీరిక చూసి అన్నీ కలిపి శుద్ధప్రతి రాసి శాసనాల శాఖకు పంపిద్దామనీ చెప్పారు. రెండు వారాలు తిరక్కుండా ఆయనకు బదిలీ వచ్చింది.

మరుసటి ఏడు బడికి ప్రహరీగోడ కట్టారు. పునాదికి రాయి చాల్లేదు. ఒకరోజు వెళ్లేసరికి బండ కింద పడి ఉంది, ఒడ్డరి సమ్మెటతో కొడుతున్నాడు. ఎవరు చెప్పారు, ఎవరు ఒప్పుకున్నారు అనేవి ఇప్పుడు తవ్వను. వాళ్లలో చాలామంది లేరు. కానీ ముక్కలు మోసింది మేం. శ్రమదానం అని బొప్పాయి పళ్లు పెట్టారు. ఒక ముక్క మీద సూర్యుడు ఉన్నాడు, అది నేనే మోశాను. ఇడ్లీ, ఇడ్లీ అని నవ్వుకుంటూ మోశాం. మాస్టారు చెప్పినవి నాకు గుర్తులేక కాదు. గుర్తున్నాయి. బొప్పాయి పళ్లు కూడా గుర్తున్నాయి.

ఇక్కడితో అయిపోతే చిన్నపిల్లల పని అనుకోవచ్చు. 1994లో తెనాలిలో ఒక పెళ్లిలో మాస్టారు కనిపించారు. ముసలివారైపోయారు. నేను పేరు చెప్పుకోకముందే గుర్తుపట్టారు. కాళ్లకు దండం పెట్టాను. కుశలప్రశ్నలయ్యాక ఆయన అడిగిన మొదటి మాట, “బండ ఎలా ఉందిరా?” అని. “బాగానే ఉంది మాస్టారూ, అలాగే ఉంది” అన్నాను. “ఒకసారి వచ్చి అచ్చు తీయాలిరా” అన్నారు. “రండి మాస్టారూ” అన్నాను. ఆయన రాలేదు. తర్వాత మూడేళ్లకు పోయారని తెలిసింది. నేను గీసిన నోటుపుస్తకం ఏమైందంటారా? ఉద్యోగంలో చేరిన ఏడాది ఇంట్లో పాత పుస్తకాలతో పాటు తూకానికి వెళ్లిపోయింది.

మ్యూజియం బెంచీ మీద కూర్చుని ఇదంతా తల్చుకుని, సంచీలోంచి ఇరవైరెండు పేజీలు తీసి, పేరు కొట్టేశాను. లోపల ఏం కొట్టేయాలో తేలలేదు. తమ్ముడు వచ్చి “అన్నయ్యా, ఒంట్లో బాగానే ఉందా?” అన్నాడు. ఆకలేస్తోందన్నాను.

భోజనం చేసి మైలాపూరు వెళ్లాం, రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములుగారి స్మారక భవనానికి. అప్పట్లో బులుసు సాంబమూర్తిగారి ఇల్లు అది. 1952 అక్టోబరు 19 నుంచి డిసెంబరు 15 రాత్రి దాకా, 58 రోజులు అక్కడే ఆయన నిరాహారంగా ఉన్నది. దాని గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. పది నిమిషాలు మౌనంగా కూర్చున్నాం. తమ్ముడు ఈ ఊళ్లో నలభై ఏళ్లుగా ఉంటున్నాడు, ఎప్పుడూ రాలేదట. “పక్కనే ఉందిగా, ఎప్పుడైనా చూడొచ్చు అనుకున్నా” అన్నాడు.

టి.నగర్ చేరేసరికి అయిదు దాటింది. త్యాగరాయనగర్ అన్నది పిట్టి త్యాగరాయచెట్టిగారి పేరు మీద, పక్కనున్న పానగల్ పార్కు జస్టిస్ పార్టీ ప్రభుత్వానికి పెద్దగా ఉన్న పానగల్లు రాజావారి పేరు మీద వచ్చాయి. ఇద్దరూ తెలుగువారే. చీరల దుకాణాల రద్దీలో ఆ సంగతి ఎవరికి పడుతుంది. వాన తగ్గలేదు. హాల్లో నలభై కుర్చీలు వేశారు, ఇరవైమందికి పైగా వచ్చారు. అంత వానలో అది ఎక్కువే. ప్రొజెక్టరు ఏం చేసినా వెలగలేదు, నేను తెచ్చిన బొమ్మలన్నీ పెన్‌డ్రైవ్‌లోనే ఉండిపోయాయి. పరిచయం చేసినాయన నన్ను ప్రొఫెసరుగారన్నారు. లేచి మొదట అది సరిదిద్దాను, సబ్ పోస్టుమాస్టరునని. ముందు వరసలో ఒకరిద్దరు నవ్వారు.

రాసుకున్నది చదవలేదు. నాళాగిరి ఏనుగును చేతులతోనే చూపించాను. దీపాలదిన్నె, నాయుడుగారి పట్నం, సున్నపుబట్టీ, మెకంజీ, కావలి సోదరులు, ఎలియట్ పంపిన ఓడ, బకింగ్‌హాం గొయ్యి వరసగా చెప్పాను. ఎర్ర సిరా దగ్గర గొంతు పెంచాను, అది మాత్రం వదల్లేదు. తర్వాత ‘నాగబు’ సంగతి చెప్పాను. అమరావతి రాతి మీది ఒక ముక్కలో ఈ మాటను వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించారు. మనకు రాతిలో దొరికిన మొట్టమొదటి తెలుగు మాటగా దాన్ని చెప్పుకుంటాం. మూడంటే మూడు అక్షరాలు. ఆ ముక్క బట్టీలోకి పోయి ఉంటే మన భాష వయసు మనకు అంత మేర తగ్గిపోయేది. అక్కడిదాకా వచ్చాక, అనుకోకుండానే, మన బడి బండ సంగతీ చెప్పేశాను. పెళ్లిలో మాస్టారికి చెప్పిన అబద్ధంతో సహా. యాభై ఏళ్లలో ఇంటావిడకు కూడా చెప్పలేదు, ముక్కూ మొహం తెలియని ఇరవైమందికి చెప్పాను.

ప్రశ్నలు అడగమన్నారు. లండన్ రాళ్లు తిరిగి రావాలా వద్దా అని ఒకాయన అడిగారు. రావాలనే నా కోరిక అన్నాను. వస్తే ఎక్కడ పెట్టాలో ముందు తేల్చుకోవాలని కూడా అన్నాను. ఆయనకు రెండో మాట నచ్చలేదు. వెనక వరసలో తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ లేచి, “మీ బండ మీద ఏం రాసి ఉందండీ?” అని అడిగారు. తెలియదండీ అన్నాను. మొదట ‘స్వస్తిశ్రీ’ అని ఉంది, ఆ తర్వాత ఏముందో చదవగలిగినవారు చదవలేదని చెప్పాను. అలాంటి దానశాసనాల చివర సాధారణంగా ఒక శాపం ఉంటుంది. ఈ ధర్మం చెరిపినవాడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతాడని. మా బండ చివరి వరుసలు ఎవరి వంతొచ్చాయో వాళ్లు ఆ శాపాన్ని బొమ్మలా గీసి ఉంటారని అంటే హాల్లో నవ్వారు. ఆవిడ నవ్వలేదు. “మిగతా అయిదుగురూ ఉన్నారా?” అన్నారు.

ఆ ప్రశ్న నాకు యాభై ఏళ్లలో తోచలేదు. నా పుస్తకం పోయిందని తెలిశాక అన్నీ పోయాయనే అనుకున్నాను. రాత్రి రైలెక్కి, పై బెర్తు మీద పడుకుని వేళ్ల మీద లెక్కపెట్టాను. అయిదుగురిలో ఇద్దరు పోయారు. ఒకడు విశాఖలో ఉన్నాడు. ఒకామె కూతురి దగ్గర హైదరాబాదులో ఉంటుంది. ఒకడి జాడ నాకు తెలియదు. వచ్చాక విశాఖకు ఫోన్ చేశాను. వాడు “ఒరేయ్, ఆ పుస్తకం మా అమ్మ ట్రంకుపెట్టెలో ఉండాలిరా, వెతికిస్తా” అన్నాడు. ఇంకా వెతుకుతున్నాడు. వాడివి తొమ్మిది, పది వరుసలు.

అందుకే ఈ సంచిక చదివే 1973 బ్యాచ్ వాళ్లనీ, పోయినవాళ్ల పిల్లలనీ అడుగుతున్నాను. ఇంట్లో పాత సామాన్లు తీసేటప్పుడు గళ్ల డ్రాయింగు పుస్తకంలో అర్థంకాని అక్షరాలు పెన్సిలుతో గీసి ఉన్న కాగితం కనిపిస్తే పారేయకండి. పక్కన విరిగినచోట విరిగినట్టు గీసి ఉంటుంది. అది మీ నాన్న పిచ్చిగీతలు కావు.

ఇంకొకటి సంఘం పెద్దలతో. జూబిలీ నిధితో పాత ప్రహరీ తీసేసి, కొత్త గోడా, ముఖద్వారమూ కట్టించాలని తీర్మానించారు. సంతోషం, నా వంతు చందా ఇచ్చాను. తూర్పు గోడ మాత్రం యంత్రంతో పడగొట్టవద్దు. మొన్న వెళ్లి తడిగుడ్డతో తుడిచి చూశాను. కుళాయికి ఎడంపక్క, నేల నుంచి మూడో వరుసలో, పొరలు పొరలు సున్నం కింద సూర్యుడు ఉన్నాడు. ఆ చుట్టుపక్కల రాళ్లలో ఇంకో రెండింటి మీద గాట్లున్నట్టు వేలికి తగిలింది. మిగతావి పునాదిలో ఉండొచ్చు, లోపలివైపు తిరిగి ఉండొచ్చు. కాంట్రాక్టరుతో మాట్లాడాను. గునపాలతో తీయిస్తే నాలుగు రోజులు ఎక్కువ పడుతుందనీ, కూలీ ఎవరిస్తారనీ అడిగాడు. నేనిస్తానన్నాను. పని సంక్రాంతి వెళ్లాక మొదలవుతుందట. ఆ వారం నేను ఊళ్లోనే ఉంటాను, కొబ్బరిపీచూ సుద్దముక్కలూ తెచ్చుకుంటాను. వీలున్నవాళ్లు రండి.